అమ్మానాన్నల ఫోన్లు, ఇంటి బిల్లులు: ఎవరి పేరు మీద, ఎవరి జేబులోంచి? (బెంగళూరు)

జయనగర్_జాజి

ఒకే ఇంట్లో అమ్మానాన్న, ఉద్యోగాలు చేసే పిల్లలు ఉన్న కుటుంబాల కోసం ఈ చర్చ. మూడు నాలుగు ఫోన్లు, ఒక ఫైబర్ కనెక్షన్, బెస్కామ్ (బెంగళూరు కరెంటు కంపెనీ) బిల్లు, కావేరి నీళ్ళు, గ్యాసు. పెద్దవాళ్ళ నంబర్లు చాలా ఇళ్ళలో ఇంకా ఆంధ్రావే, పిల్లలవి కర్ణాటకవి. అందర్నీ కలిపి ఒక ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లో వేస్తే నిజంగా చవకేనా? ఇంటి బిల్లులు ఎలా పంచుకుంటే నెలాఖరున మాటా మాటా రాకుండా ఉంటుంది? లెక్కతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. ఇంటి కథలకి వేరే చర్చ ఉంది, అవి అక్కడ.

లెక్కల_లలిత

ముందు ధర సంగతి. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్‌లో ప్రకటించిన ధర మీద 18 శాతం పడుతుంది. ప్రధాన నంబరుకి రూ.449, అదనపు నంబరు ఒక్కోదానికి రూ.150 అనుకోండి. ముగ్గురికి 749. బిల్లు వచ్చేది మాత్రం 883.82. ఏడాదికి దాదాపు రూ.10,606.

ప్రీపెయిడ్‌లో 28 రోజుల ప్యాకు రూ.300 అనుకుందాం. చాలామంది 12తో హెచ్చవేస్తారు, అక్కడే తప్పు. 365ని 28తో భాగిస్తే 13 వస్తుంది. అంటే మనిషికి 3,900, ముగ్గురికి 11,700. ఇంతవరకు ఫ్యామిలీ ప్లానే నయం.

కానీ ముగ్గురికీ డేటా కావాలా అన్నది అసలు ప్రశ్న. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించి, మాటలు, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాకులు ఇవ్వాలంది, గడువు 365 రోజుల దాకా పెట్టుకోవచ్చంది. అలాంటి ఏడాది ప్యాకు రూ.1,850 అనుకుంటే పెద్దవాళ్ళిద్దరికీ 3,700, పిల్లవాడికి 3,900, మొత్తం 7,600. ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది. ఫ్యామిలీ ప్లాన్ కన్నా మూడు వేలు తక్కువ. ధరలు మారుతుంటాయి, మీ అంకెలు వేసుకుని ఇదే లెక్క చేయండి.

ఇంకోటి. 28 రోజులతో తేదీ నెలనెలా ముందుకి జరిగిపోయి గుర్తుండదు అనేవాళ్ళకి, ప్రతి కంపెనీ 30 రోజుల ప్యాకు, ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకునే ప్యాకు కనీసం ఒక్కోటి ఉంచాలని 2022లోనే ట్రాయ్ ఆదేశించింది. యాప్‌లో అడుగున ఎక్కడో ఉంటాయి. కిందకి జరిపి వెతకాలి.

మారతహళ్ళి_మామ

లలితగారి లెక్కకి చిన్న సవరణండి. డేటా లేని ప్యాకు ఇంట్లో కూర్చునేవాళ్ళకే పనికొస్తుంది. పెద్దాయన మార్కెట్‌కి వెళ్ళి, కొత్తిమీర కట్ట కొని, ఫోను తీసి స్కాన్ చేస్తే డబ్బు కదలదు. ఆటో యాప్ తెరుచుకోదు. రోజూ బయటకెళ్ళే మనిషికి ఆ ప్యాకు వేయించడం పొదుపు కాదు, పీడ.

యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో పెట్టేటప్పుడు ఆ సిమ్ నుంచి ఒక మెసేజ్ బయటికి వెళ్ళాలి. ప్యాకు గడువు తీరి మెసేజ్‌లు ఆగిపోయి ఉంటే "నంబరు ధ్రువీకరణ విఫలం" అని తిరుగుతూ ఉంటుంది. బ్యాంకుది తప్పనుకుని అక్కడికి పరిగెత్తకండి. ముందు మెసేజ్ వెళ్తోందో లేదో చూడండి.

సీమ_సిన్నోడు

లెక్క బాగుండాది గానీ మెలిక సర్కిల్ కాడ ఉండాదప్పా. టెలికాం సర్కిల్ అంటే ఫోను సేవల కోసం దేశాన్ని పంచిన ప్రాంతం. దాంట్లో ఆంధ్రా, తెలంగాణ కలిపి ఇప్పటికీ ఒకటే. కర్ణాటక వేరే. నాయన నంబరు ఆ పక్క, కొడుకు నంబరు ఈ పక్క ఉంటే, ఒకే బిల్లులో చేర్చేకాడ "సిస్టమ్ తీసుకోవడం లేదు సార్" అని తిప్పి పంపుతారు. ముందే అడగల్ల.

నంబరు మారకుండా వేరే సర్కిల్‌కు పోర్ట్ చేసుకునే వీలు 2015 జులై నుంచి ఉండాది. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, పదంకెల నంబరు రాసి 1900కి మెసేజ్ పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తాది. అది నాలుగు రోజులే చెల్లుతాది. అదే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్‌కు అయితే ఐదు.

కోడ్ యాడ ఆగిపోతాది అంటే: ఆ నెట్‌వర్క్‌కు వచ్చి 90 రోజులు కాకుంటే, పోస్ట్‌పెయిడ్ బకాయి ఉంటే, పేరు మార్పిడి నడుస్తాంటే, సిమ్ మార్చి ఏడు రోజులు నిండకుంటే. ఈ ఏడు రోజుల మాట 2024 జులై 1 నుంచి వచ్చింది. ఇంకొక సంగతి, ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్సు, ప్యాకు కొత్త కంపెనీకి రావు. ఏడాది ప్యాకు వేయించిన మరుసటి దినమే పోర్ట్ పెడితే ఆ దుడ్డు నీళ్ళలో పోసినట్లే.

సిమ్_సుబ్బు

సర్కిల్ కన్నా పెద్ద సంగతి పేరు. దీని గురించి ఎవరూ అడగరు, సిమ్ పోయిన రోజున అందరూ అడుగుతారు.

నాన్నగారు వాడే సిమ్ కొడుకు ఆధార్ మీద తీసుకున్న ఇళ్ళు కోకొల్లలు. డూప్లికేట్ సిమ్ కావాలంటే ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే రావాలి, అక్కడికక్కడే ఫొటో తీస్తారు. 2024 జనవరి 1 నుంచి కాగితాల కేవైసీ (గుర్తింపు తనిఖీ) లేదు, అంతా డిజిటలే. కొడుకు డల్లాస్‌లో ఉంటే తండ్రి ఇక్కడ బ్యాంకు ఓటీపీ లేకుండా కూర్చోవాలి. ఆధార్, పింఛను ఖాతా, గ్యాసు, ఆసుపత్రి రిజిస్ట్రేషను అన్నీ ఆ నంబరుకే తగిలించి ఉంటాయి మరి.

చూసుకునే పద్ధతి: కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీదున్న కనెక్షన్లు చూపే విభాగం ఉంది. నంబరు, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. ఒక మనిషి పేరు మీద మొత్తం 9 సిమ్‌లకి మించకూడదు. జాబితాలో ఒక్కో నంబరు పక్కన "నాది కాదు", "అక్కర్లేదు", "కావాలి" అనే అర్థంలో మూడు ఎంపికలు ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త. "ఇది నాన్న నంబరు కదా, నాది కాదు" అని నిజాయితీగా నొక్కారో, ఆ నంబరు మూసేయమని మీరే ఫిర్యాదు ఇచ్చినట్టు.

సరైన దారి పేరు మార్పిడి. ఇద్దరూ ఆధార్‌తో కంపెనీ సొంత దుకాణానికి వెళ్ళాలి, చిన్న రీఛార్జి అంగళ్ళకి కాదు. పోస్ట్‌పెయిడ్ అయితే ముందే బకాయి కట్టేయాలి. సంక్రాంతికో దసరాకో ఇద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నప్పుడు పెట్టుకోండి. కొత్త సిమ్ వేశాక 24 గంటలు మెసేజ్‌లు రావు, పోవు. అది మోసాల నుంచి కాపాడటానికి పెట్టిన నిబంధనే. పింఛనుదారులు జీవన ప్రమాణపత్రం ఇచ్చే నవంబరులోనో, ఏదైనా రిజిస్ట్రేషను ముందురోజునో ఈ పని పెట్టుకోకండి.

వైట్‌ఫీల్డ్_వదిన

సుబ్బుగారూ, పెద్దవాళ్ళ నంబర్లు పిల్లల పేరు మీద ఉంటేనే మంచిది కదా? మోసగాళ్ళ కాల్స్ వస్తే పిల్లలే చూసుకోవచ్చు.

సిమ్_సుబ్బు

పేరు మీ మీద ఉన్నా కాల్ వెళ్ళేది ఆయన చేతిలో ఉన్న ఫోనుకే కదండీ. ఓటీపీ చదివి వినిపించేదీ ఆయనే. కేవైసీ పేరు దానికి అడ్డుకట్ట కాదు. అడ్డుకట్ట కావాలంటే బ్యాంకు యాప్‌లో రోజువారీ యూపీఐ పరిమితి తగ్గించండి, పొదుపు సొమ్మంతా యూపీఐకి కలిపిన ఖాతాలో ఉంచకండి, 1930 నంబరు ఆయన ఫోన్‌లో "సైబర్ పోలీసు" అని తెలుగులో సేవ్ చేసి పెట్టండి. డబ్బు పోయిన మొదటి గంటలో ఆ నంబరుకి చేస్తేనే ఆపే అవకాశం ఎక్కువ.

బిల్లు మీరు కట్టండి, పేరు మాత్రం వాళ్ళదే ఉండనివ్వండి. ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్న నంబరును చేర్చుతున్నారా, కొత్త అదనపు సిమ్ తీసుకుంటున్నారా అన్నదాన్ని బట్టి ఎవరి పేరు నమోదవుతుందో మారవచ్చు. సంతకం పెట్టే ముందే తేల్చుకోండి.

మారతహళ్ళి_మామ

ఫ్యామిలీ ప్లాన్‌లో ప్రధాన నంబరు ఎవరిదో వాళ్ళు కట్టకపోతే మిగతావాళ్ళవీ ఆగిపోతాయి. ఇది గుర్తుంచుకుని ఆటోపే పెట్టుకోండి. రూ.15,000 లోపు ఆటోపేకి ప్రతిసారీ పిన్ అడగదు, డబ్బు తీసుకునే 24 గంటల ముందు సమాచారం వస్తుంది. తేడా ఎక్కడొస్తుందంటే, కార్డు గడువు తీరి కొత్త కార్డు వచ్చినప్పుడు. కొత్త నంబరుతో మళ్ళీ అనుమతి ఇవ్వాలి. పిల్లవాడు ఆ సందేశం చూడడు, మూడో వారంలో అమ్మ ఫోన్ నుంచి కాల్ వెళ్ళదు. పోస్ట్‌పెయిడ్‌కి కార్డు కన్నా ఖాతా నుంచి యూపీఐ ఆటోపే నయం.

డేటా అందరిదీ ఒకే కుండ అయితే యాప్‌లో ఒక్కో నంబరుకి పరిమితి పెట్టే వీలుందేమో చూడండి. లేదంటే భక్తి ప్రవచనాల వీడియోలు వైఫై అనుకుని మొబైల్ డేటాతో నడుస్తుంటాయి. పదో తేదీకల్లా కుండ ఖాళీ. వైఫై దూరంగా ఉన్న గదిలో ఫోను దానంతట అదే మొబైల్ డేటాకి మారిపోతుంది. ఆ సెట్టింగు ఆపేస్తే సగం తగువు తీరుతుంది.

పెళ్ళయి వేరు కాపురం పెట్టినప్పుడో, ఉద్యోగంలో కంపెనీ సిమ్ ఇచ్చినప్పుడో విడదీయాల్సి వస్తుంది. విడదీసిన నంబరు ఊరికే ప్రీపెయిడ్ అయిపోదు, విడి పోస్ట్‌పెయిడ్ ప్లాన్‌లోకి వెళ్తుంది. రూ.150 ఉన్నది మూడింతలు అవుతుంది. విడదీసే రోజే తర్వాత ఏ ప్లాన్ అని కాగితం మీద రాయించుకోండి.

మల్లేశ్వరం_మల్లన్న

అమ్మానాన్న ఆరు నెలలు అమెరికా పోతే ఇక్కడి నంబర్లు ఏం చేయాలె? రీఛార్జి దండగ అని అందరూ వదిలేస్తున్నరు.

సిమ్_సుబ్బు

వదిలేయకండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే మూసేయవచ్చు. ఖాతాలో రూ.20 అసలు బ్యాలెన్సు ఉంటే దాన్ని తీసుకుని ఇంకో 30 రోజులు పొడిగించే పద్ధతి ఉంది గానీ, దాని మీద ఆధారపడటం తాటాకు మంట మీద అన్నం వండటమే. మూసేసిన నంబరును ఇంకో 90 రోజుల తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేయవచ్చు. మీ నాన్నగారి బ్యాంకు ఓటీపీ ఎవరికో వెళ్తుంది.

ఏడాది వాయిస్ ప్యాకు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. విమానం ఎక్కే ముందే అంతర్జాతీయ రోమింగ్ సేవ ఆన్ చేయించండి, లేకపోతే అక్కడ దిగాక ఓటీపీ మెసేజ్ రాదు. డేటా రోమింగ్ మాత్రం ఫోన్ సెట్టింగ్స్‌లో ఆపేయండి. అది ఒక్కటి మరిచిపోతే బిల్లు టికెట్టు ఖరీదుతో పోటీ పడుతుంది. ఫోన్‌లో రెండు సిమ్‌లు పట్టేలా ఉంటే ఇక్కడిది తీయకుండానే అక్కడి సిమ్ వేసుకోవచ్చు. సిమ్ తీసి పర్సులో పెట్టుకోవద్దని మరీ మరీ చెప్పండి. పర్సులో ఉన్న సిమ్‌కి మెసేజ్ రాదు.

మీటర్_మోహన

ఫోన్లయ్యాయి కదా, కరెంటుకి వద్దాం. బెంగళూరులో ఇంటి బిల్లుల తగువుకి మూలం ఫోను కాదు, 200వ యూనిట్.

కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి 2023 జులై వాడకం నుంచి అమల్లో ఉంది. 200 యూనిట్లు అందరికీ ఉచితం అనుకోవడం పొరపాటు. 2022-23లో ఆ మీటరు నెలసరి సగటు ఎంతో, దానికి 10 శాతం కలిపితే వచ్చేదే మీ ఉచిత కోటా. సగటు 110 అయితే కోటా 121. ఈ నెల 180 కాలిస్తే మధ్యలోని 59 యూనిట్లకి కట్టాలి. 201 కాలిస్తే మొత్తం 201కీ కట్టాలి. పాత లెక్కలేని కొత్త కనెక్షనుకి రాష్ట్ర సగటు 53 మీద 10 శాతం వేసి 58 యూనిట్లు ఇస్తారు.

2025-26లో యూనిట్ రూ.5.80 ఉండేది. 201 యూనిట్లకి అదే 1,166. పైన మంజూరు లోడు (మీటరుకి అనుమతించిన సామర్థ్యం) కిలోవాట్‌కి రూ.145 చొప్పున స్థిర ఛార్జీ, యూనిట్‌కి 36 పైసల పింఛను సర్‌ఛార్జీ (విద్యుత్ ఉద్యోగుల పింఛను కోసం), 9 శాతం విద్యుత్ పన్ను పడేవి. ఒక్క యూనిట్ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉండే నెలల్లో ఏం పెరుగుతుంది? 2 కిలోవాట్ల గీజరు అరగంట నడిస్తే ఒక యూనిట్. రోజుకి అరగంట అదనం అంటే నెలకి 30. పాత 75 వాట్ల ఫ్యాను పగలంతా 12 గంటలు తిరిగితే నెలకి 27. ఈ రెండింటితోనే 57 యూనిట్లు. వాళ్ళ గదిలో ఫ్యాను మార్చి తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం పెడితే 27 కాస్తా 11 అవుతుంది. గీజరు స్నానం ముందు వేసి స్నానంలోకి దిగేటప్పుడు ఆపాలి. రోజంతా వేసి ఉంచితే నీళ్ళు చల్లారినప్పుడల్లా మళ్ళీ కాలుతుంది.

నెల మధ్యలో, రీడింగు తీసిన తేదీ నుంచి పదిహేనో రోజున మీటరు చూడండి. పాత రీడింగు బిల్లు మీదే ఉంటుంది. తేడా 100 దాటితే జాగ్రత్త పడే టైము ఇంకా ఉంది. బిల్లు కన్నడలో వస్తుందని బెంగ అక్కర్లేదు, మన పెద్దవాళ్ళు కూడబలుక్కుని చదివేస్తారు. లిపి అన్నదమ్ములే.

వైట్‌ఫీల్డ్_వదిన

మరి 200 దాటిన నెల బిల్లు ఎవరు కట్టాలి? వచ్చినవాళ్ళ వల్లే కదా దాటింది అని ఒకరంటారు.

లెక్కల_లలిత

ఆ లెక్క ఎప్పటికీ తేలదు. 201వ యూనిట్ ఎవరిదని మీటరు చెప్పదు. అందుకే బిల్లు వారీగా పంచుకోవడం కన్నా కుండ పద్ధతి మేలు. పోయిన పన్నెండు నెలల కరెంటు, నీళ్ళు, ఫైబరు, ఫోన్లు, గ్యాసు, మెయింటెనెన్సు కలిపి 12తో భాగించండి. వచ్చినదానికి పదో వంతు కలపండి. ఫైబరుకి ప్రకటనలో 799 అని ఉన్నా జీఎస్టీతో 943 వేసుకోవాలి. ఆ మొత్తాన్ని సంపాదన నిష్పత్తిలో పంచి, ప్రతి నెలా 5వ తేదీలోపు ఒక ఉమ్మడి ఖాతాలో వేయాలి. ఆటోపేలన్నీ ఆ ఖాతా నుంచే. ఖాతా "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో ఉంటే ఇద్దరిలో ఎవరైనా నడపవచ్చు. ఒకరు లేకపోయినా రెండోవారికి చిక్కు ఉండదు.

పెద్దవాళ్ళ పింఛను ఉంటే వాళ్ళ వాటా కుండలో వేయించకండి, ఒక ఖర్చు పూర్తిగా వాళ్ళకే వదిలేయండి. పాలు, కూరగాయలు అలా వదలదగ్గవి. నందిని పాల ప్యాకెట్టు, తోపుడుబండి బేరం వాళ్ళ చేతిలో ఉంటాయి, రోజూ కనబడతాయి. వాళ్ళ ఫోన్ బిల్లు మాత్రం వాళ్ళకి వదలకండి. అది ఆగితే నష్టం అందరికీ.

పన్ను మాట రెండు ముక్కల్లో: పిల్లలు అమ్మానాన్నలకి ఇచ్చే డబ్బు మీద వాళ్ళకి పన్ను లేదు. పెద్దవాళ్ళ ఆరోగ్య బీమాకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది, సీనియర్ సిటిజన్లకి 50,000 దాకా. నగదుగా కడితే రాదు. ప్రీమియం ఎవరు చూపించుకోవాలో వాళ్ళ సొంత ఖాతా నుంచి కట్టండి, కుండలోంచి కాదు.

మల్లేశ్వరం_మల్లన్న

పాలు కూరగాయలకు నాన్న యూపీఐ వాడాలంటే భయపడుతడు. ఖాతా కలపకుండ ఏమన్న దారి ఉందా?

మారతహళ్ళి_మామ

యూపీఐ సర్కిల్ చూడండి. 2024 ఆగస్టులో వచ్చింది. మీ ఖాతా నుంచి ఆయన ఫోనుతో కట్టనివ్వడం అన్నమాట. ఆయనకి యూపీఐ ఐడీ ఉంటే చాలు, బ్యాంకు ఖాతా కలిపి ఉండక్కర్లేదు. భీమ్ యాప్‌లో సర్కిల్ తెరిచి, ఆయన క్యూఆర్ స్కాన్ చేసి, రెండు దార్లలో ఒకటి ఎంచుకోవాలి. పరిమితి పెట్టి వదిలేస్తే నెలకి గరిష్ఠంగా రూ.15,000, ఒక్కో చెల్లింపు 5,000 దాకా. ఒక్కోటీ మీరే ఆమోదించే దారి ఎంచుకుంటే ప్రతి కొత్తిమీర కట్టకీ మీ ఫోను మోగుతుంది, మీటింగులో ఉంటే ఆయన బండి దగ్గర నిలబడాలి. మొదటిదే నయం, పరిమితి 3,000 పెట్టి చూడండి. ఒకరు ఐదుగురిని చేర్చుకోవచ్చు. చేరినవారు మాత్రం ఒక్కరి కిందే ఉండగలరు. అన్నదమ్ములిద్దరూ చేర్చాలని చూస్తే రెండోది కుదరదు.

గ్యాసు సంగతి మరిచా. సిలిండరు ఇచ్చేటప్పుడు చెప్పాల్సిన కోడ్ నమోదైన నంబరుకే వస్తుంది. కొడుకు నంబరు ఇచ్చి అతను రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఉంటే సిలిండరు వెనక్కి వెళ్తుంది. పగలు ఇంట్లో ఎవరుంటారో వాళ్ళ నంబరు నమోదు చేయించండి.

జయనగర్_జాజి

ఒక చివరి సందేహం. అద్దె ఇల్లు మారుతున్నప్పుడు గృహజ్యోతి పాత మీటరుకే ఉండిపోతే? నాన్నగారి ఆధార్‌తో నమోదు చేసి, ఆయన ఊరికి వెళ్ళిపోతున్న సందర్భం అనుకోండి.

మీటర్_మోహన

ఒక ఆధార్‌కి ఒక మీటరే. పాతది విడదీయకుండా కొత్తది కలవదు. విడదీసే సదుపాయం 2024 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వ సేవల వెబ్‌సైట్ సేవాసింధులో పెట్టారు. గృహజ్యోతి పేజీలో డీలింక్ నొక్కి, ఆధార్ నంబరు ఇస్తే, ఆధార్‌కి కలిపిన నంబరుకి ఓటీపీ వస్తుంది. తర్వాత కొత్త ఇంటి బిల్లు మీదున్న పదంకెల అకౌంట్ ఐడీతో మళ్ళీ దరఖాస్తు చేయాలి. అద్దె ఒప్పందం దగ్గర పెట్టుకోండి. ఆయన కొత్త ఇంట్లో ఉండరు గనక కొత్త దరఖాస్తు అక్కడ ఉండేవాళ్ళ ఆధార్‌తో చేయండి. పాతది విడదీయడం మాత్రం ఆయన మెజెస్టిక్‌లో బస్సెక్కకముందే కానివ్వండి. ఓటీపీ గడువు పది నిమిషాలే, దారిలో సిగ్నల్ ఉండదు.